ఎఫీ కలిపిన గంట

ఓబన్ రేవులో ఓడ ఎక్కే కార్ల వరసలో కూర్చుని ఉండగా ఎఫీకి ఫోన్ వచ్చింది. చేసింది ఐల్సా, ఎఫీ స్నేహితురాలు రోనా కూతురు. కారు రోనాదే, ఆమె అప్పుడే టీ తెస్తానని దిగి వెళ్ళింది.

"ఎఫీ ఆంటీ, అమ్మ పక్కన ఉందా?"

"లేదు. టీ కోసం వెళ్ళింది. ఏమిటమ్మాయ్ గుసగుసలు?"

"అయితే విను. ఈ మూడు రోజులూ అమ్మని కాస్త కనిపెట్టి ఉండు. మొన్న కారు తీసుకెళ్ళి గేటు స్తంభానికి గుద్దింది. నాతో ఒక్క ముక్క అనలేదు, పక్కింటాయన చెప్పాడు. నా పుట్టినరోజుకి రెండు కార్డులు పంపింది, ఒకటి పంపిన సంగతి మర్చిపోయి."

"రెండొస్తే లాభమేగా నీకు?"

"ఆంటీ, నవ్వులాట కాదు. ఆదివారం నేను రైల్లో ఓబన్ వస్తాను. నువ్వు ఏం చెప్తే అదే. బాగానే ఉంది అన్నావో, నేనింక నోరెత్తను. తేడాగా ఉంది అన్నావో, కారు తాళాలు తీసేసుకుని ఆమెని స్టిర్లింగ్‌లో నా దగ్గర పెట్టుకుంటాను."

ఎఫీ సరేనంది. అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది. రోనా ఇల్లు కొండ లోయలో ఉంది. కొట్టుకి వెళ్ళాలన్నా నాలుగు మైళ్ళు, బస్సు వారానికి రెండుసార్లు. ఆ ఇంట్లోంచి కారు తీసేస్తే ఇల్లు తీసేసినట్టే. అది ఐల్సాకీ తెలుసు, ఎఫీకీ తెలుసు. ఇరవై ఆరేళ్ళు ఆ లోయలో బడి బస్సు నడిపిన రోనాకి ఇంకా బాగా తెలుసు. మంచు పడ్డా, వాగులు పొంగినా ఆ బస్సుకి ఒక్క గీత పడలేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రోనా రెండు కాగితం కప్పులతో వచ్చి కూర్చుంది. "ఎవరే ఫోను?"

"ఎవరో, రాంగ్ నంబరు."

రోనా డెబ్భై ఏళ్ళ మనిషి, ఎఫీ అరవై తొమ్మిది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి మే నెలలో ఒక శనీ ఆదివారాలు ఏదో ఒక ద్వీపానికి వెళ్తున్నారు. తిండి సంగతి ఎఫీది. ఓడ వేళలు, దారులు, సముద్రం పోటూ ఆటూ చూసుకోవడం రోనాది. ఈ పంపకం ఎవరు చేశారో ఇద్దరికీ గుర్తులేదు, మార్చాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. ఈసారి కొలన్సే వంతు.

ద్వీపంలో దిగగానే రోనా ఎదురొచ్చే ప్రతి కారుకీ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలెత్తి పలకరిస్తూ పోయింది. అక్కడ అది అలవాటు, ఎత్తకపోతే పొగరనుకుంటారు. వేలెత్తిన ప్రతిసారీ ఎఫీ రోడ్డు వంక చూసింది, పక్క గుంటలోకి పోతోందా లేదా అని. పోలేదు. రోనా కారు చక్కగానే నడిపింది. ఒక మలుపు దగ్గర మాత్రం, "ఇది జూరా ద్వీపంలో లాగే ఉందే," అంది. పది నిమిషాల తర్వాత మళ్ళీ, "ఇది జూరాలో లాగే ఉంది," అంది. ఎఫీ మనసులో ఒకటి అని లెక్క వేసుకుంది.

ఇంకొకరి తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. ఎఫీ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసింది, మంచాల పక్క నిలబడి మనుషులను కనిపెట్టడం ఆమెకి చేతనైన పని. అప్పుడు జీతం ఇచ్చారు. ఇప్పుడు ఎవరూ ఇవ్వకుండానే చేస్తోంది.

వాళ్ళు దిగింది ఫిన్లే డారక్ ఇంట్లో. ఫిన్లేకి అరవై దాటాయి. గొర్రెలున్నాయి, ట్రాక్టరుంది, భార్య పోయాక ఖాళీ అయిన రెండు గదులు అద్దెకిస్తాడు. మొదటి పూట మాంసం పులుసు పెడుతుంటే రోనా అతన్ని, "ఆంగస్, ఇంకొంచెం వెయ్యి," అంది.

"ఆంగస్ అయితే తక్కువ వేస్తాడమ్మా," అన్నాడు ఫిన్లే గరిటె నిండా వేస్తూ. "ఫిన్లే అను, ఎక్కువ పడుతుంది."

రోనా పగలబడి నవ్వింది. ఎఫీ మనసులో రెండు అని లెక్క వేసుకుంది.

మర్నాడు వాళ్ళు ఓరన్సేకి వెళ్ళాలి. కొలన్సే పక్కనే ఉన్న చిన్న ద్వీపం అది. సముద్రం తీసినప్పుడు మధ్యలో మైలు మేర ఇసుక తేలుతుంది. రబ్బరు బూట్లు వేసుకుని నడిచి వెళ్ళొచ్చు, పాత మఠం చూసి మళ్ళీ నడిచి రావొచ్చు. నీళ్ళు పూర్తిగా తీసిన వేళకి అటు రెండు గంటలు, ఇటు రెండు గంటలు, అంతే దారి. ఆ వేళల కాగితం ఫిన్లే వంటింటి తలుపు వెనక గుచ్చి ఉంటుంది. భోజనం అయ్యాక రోనా కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ కాగితం ముందు నిలబడి, ఒక పాత కవరు వెనక పెన్సిలుతో రాసుకుంది. ఎఫీ అప్పుడు గిన్నెలు తుడుస్తోంది.

శనివారం పొద్దున రోనా స్నానానికి వెళ్ళింది. ఫిన్లే తెల్లారకముందే ఈనుతున్న గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. బల్ల మీద గంజి గిన్నెలు, తేనె సీసా, పక్కన ఆ కవరు. ఎఫీ దాన్ని తిప్పి చూసింది.

*నీళ్ళు తీసేది 12.10. బయల్దేరడం 10.30. రెండింటికల్లా తిరిగి ఇవతల.*

పక్కన సున్నా చుట్టిన *+1* లేదు.

పోటు వేళల పుస్తకాలు ఏడాదంతా చలికాలపు గడియారం ప్రకారమే అచ్చవుతాయి. వేసవిలో గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటారు కాబట్టి చూసినవాళ్ళు ఆ గంట తామే కలుపుకోవాలి. పడవున్న ప్రతి ఇంట్లో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎఫీ మొగుడు ఆర్చీ బతికున్నన్నాళ్ళూ, "గంట కలిపావా?" అన్న ప్రశ్న లేకుండా వేసవి గడవలేదు. రోనా కూడా కలిపిన గుర్తుగా ఎప్పుడూ ఆ +1 రాసి సున్నా చుట్టేది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి మానలేదు. ఇప్పుడు మానింది.

మూడు, అనుకుంది ఎఫీ.

తలుపు దగ్గరికి నాలుగడుగులు వేస్తే ఆ అచ్చు కాగితం ఉంది. ఎఫీ వెయ్యలేదు. అనుమానం ఉంటే కదా చూడ్డానికి, ఆమెకి అనుమానం లేదు. వార్డులో కుర్ర డాక్టర్లు మందు మోతాదు తప్పు రాస్తే వాళ్ళ మొహం చిన్నబుచ్చకుండా నెమ్మదిగా సరిచేయించడం ఆమెకి అలవాటు. ఎన్ని ప్రాణాలు కాపాడానో అని లోలోపల కొంచెం గర్వం కూడా. పెన్సిలు వెనక రబ్బరుతో అంకెలు చెరిపి, రోనా రాత లాగే 1.10 అనీ, 11.30 అనీ, మూడింటికల్లా అనీ రాసి కవరు ఎక్కడిదక్కడ పెట్టేసింది. స్నేహితురాలికి మాట రాకుండా చేశానని తృప్తిగా టీ పోసుకుంది.

రోనా తల తుడుచుకుంటూ వచ్చింది. "కానీవే, పదిన్నరకి బయల్దేరాలి."

"పదకొండున్నర కదూ?"

"పదిన్నరే. రెండింటికి వెనక్కి."

"నువ్వు రాసిందే చూసుకో."

రోనా కవరు తీసి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె మొహంలోంచి ఏదో దిగిపోవడం ఎఫీకి కనిపించింది. జాలేసింది.

"మూడే రాశాను," అంది రోనా. "రెండనే అనుకున్నానే. నా బుర్రకేమైందో."

"పోనీలే. ఇంకో కప్పు టీ తాగి వెళ్దాం."

పదకొండున్నరకి ఇసుక మీద దిగారు. నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి, ఇసుక గట్టిగా ఉంది. అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంది, తప్పు కాగితం కూడా ఒక్కోసారి సగం దాకా నిజమే చెప్తుంది. ఎండ కాస్తోంది. దూరంగా రాళ్ళ మీద సీల్ జంతువులు పడుకుని మూలుగుతున్నాయి. "మా మామగారు భోంచేసి ఇట్లాగే పడుకునేవాడు," అంది రోనా. ఎఫీ మనసారా నవ్వింది. ఓరన్సే గట్టెక్కి, మట్టి దారిలో నడిచి మఠం చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. కప్పు లేని గోడల మధ్య కూర్చుని గుడ్డు శాండ్‌విచ్‌లు తిన్నారు, ఫ్లాస్కులో టీ తాగారు. రోనా రాతి సిలువ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసొచ్చింది.

"ఎఫీ, ఒకటి అడుగుతాను, నిజం చెప్తావా? నేను మారానా?"

"ఎందుకు మారతావు? అప్పుడూ మొండిదానివే, ఇప్పుడూ మొండిదానివే."

"ఐల్సా నన్ను ఎట్లా చూస్తోందో తెలుసా? బస్సులో కొత్తగా ఎక్కిన పిల్లని నేను చూసినట్టు. ఏడుస్తుందా, వాంతి చేసుకుంటుందా అని." రోనా చేతులకంటిన రొట్టె పొడి దులుపుకుంది. "ఇల్లొదిలి వెళ్తే నేనింక బతకలేనే. స్టిర్లింగ్‌లో వాళ్ళ ఇంటి కిటికీలోంచి ఎదురింటి కిటికీ కనపడుతుంది, అంతే."

ఆదివారం ఐల్సాకి ఏం చెప్పాలో ఎఫీ అప్పుడే నిర్ణయించుకుంది. బాగానే ఉందని చెప్తుంది. మూడు తప్పులు ఎవరు చెయ్యరు? అందులో పెద్దది తాను దిద్దేసింది కూడా. ఆ నిర్ణయంతో మనసు తేలికపడి ఇంకొక అరగంట అక్కడే కూర్చుంది.

తిరిగి ఇసుక దగ్గరికొచ్చేసరికి మూడింటికి పావుగంట తక్కువ. రోనా గట్టు మీదే ఆగిపోయింది.

"ఇది పోయే నీరు కాదే. వచ్చే నీరు."

"ఇంకా టైముంది. మూడు దాటాక కూడా పది నిమిషాలు దారుంటుంది."

"నురగ చూడు ఎటు పోతోందో. మనకేసి వస్తోంది. ఇక్కడే కూర్చుందాం, మళ్ళీ తీసిందాకా."

"రాత్రి దాకానా? కాగితం మీద మూడని ఉందిగా. నువ్వు రాసిందేగా!"

ఈ మాటతో రోనా నోరు మూతపడింది. అలా మూతపడుతుందని తెలిసే ఎఫీ ఆ మాట వాడింది. బెదురు ఎవరిలోనైనా కనపడితే గట్టిగా చెప్పి నడిపించడం వార్డు అలవాటు. రోనా బూట్లు సర్దుకుని ముందు దిగింది.

సగం దూరం చీలమండల దాకే ఉంది. తర్వాత మోకాళ్ళు. మధ్యలో ఒక పాయ ఉంటుంది, పొద్దున దాని జాడ కూడా లేదు. ఇప్పుడు అందులో నీళ్ళు తొడల మీదికి వచ్చి, పక్కకి లాగుతూ, ఊపిరి ఆగిపోయేంత చల్లగా ఉన్నాయి. బూట్లు నిండి కాళ్ళు లేవడం లేదు. వెనక్కి చూస్తే వెనకా నీళ్ళే. ఎఫీకి భయం వేసింది, మామూలు భయం కాదు. ఆమె ఏదో అనబోయేలోపు రోనా పక్కకి ఒరిగి పడిపోయింది. తల మునిగింది. ఎఫీ కోటు కాలరు దొరకబుచ్చుకుని లాగింది. రోనా దగ్గుతూ లేచింది, ఒక కాలికి బూటు లేదు.

"చెయ్యి వదలకే," అంది రోనా. "వదిలితే చంపేస్తాను."

కొలన్సే ఒడ్డు నుంచి ట్రాక్టరు నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చింది. కొండవాలున గొర్రెల దగ్గరున్న ఫిన్లే, ఇసుక మీద రెండు ఎర్ర కోట్లు చూసి వాచీ చూసుకున్నాడట. తిట్టకుండా ఇద్దరినీ వెనక బల్ల మీదికి లాగి, ఒడ్డు చేరాక తిట్టాడు.

వంటింట్లో పొయ్యి ముందు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాక ఫిన్లే తలుపు వెనక కాగితం పీకి బల్ల మీద పెట్టాడు. "పన్నెండూ పది. ఇంత లావుగా రాసి ఉంది. రెండూ పదికి దారి మూసుకుపోతుంది. మీరు మూడింటికి దిగడమేమిటమ్మా?"

"గంట కలపాలి కదా," అంది ఎఫీ.

"ఇందులో కలిపే ఉంటుంది. కింద రాసి ఉందిగా, వేసవి సమయం అని. వచ్చిన వాళ్ళు తికమక పడకూడదనే కలిపి పెడతాం."

అందుకే +1 లేదు. రోనా కాగితం చదివింది, కిందదీ చదివింది, కలపక్కర్లేదని తెలుసుకుంది, రెండని సరిగ్గా రాసింది.

"నేనే మళ్ళీ కలిపి ఉంటాను," అంది రోనా దుప్పట్లోంచి. పళ్ళు టకటకలాడుతున్నాయి. "అలవాటుగా చెయ్యి కలిపేసి ఉంటుంది. నా మూలంగా నువ్వు చచ్చేదానివే ఎఫీ. క్షమించవే."

ఫిన్లే ఎఫీ వంక చూశాడు. చెప్పాల్సిన చోటు అదే. ఎఫీ టీ కప్పులోకి చూసింది. "ముందు వెచ్చబడు," అంది. సిగ్గు అంటే ఏమిటో అరవై తొమ్మిదేళ్ళకి తెలిసొచ్చింది. రేపు చెప్తాను, ఇప్పుడు వణికిపోతోంది అని సర్దిచెప్పుకుంది.

ఆదివారం పొద్దున కిలొరన్ ఇసుక తీరం మీద నడిచారు. ఎఫీ చెప్పలేదు. మధ్యాహ్నం ఓడ ఎక్కారు, పై అంతస్తులో గాలికి కూర్చున్నారు. ఎఫీ రెండుసార్లు, "రోనా," అని పిలిచి, ఒకసారి బిస్కెట్టు కావాలా అనీ, ఒకసారి చలేస్తోందా అనీ అడిగింది. రోనా అంతసేపూ సముద్రం కేసే చూస్తూ ఉంది. ఎఫీకి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు.

ఓబన్‌లో ఓడలోంచి కార్లు దిగేచోట ఐల్సా నిలబడి ఉంది. రోనా రోడ్డు పక్కకి తీసి ఆపి, దిగి, కూతుర్ని కావలించుకుని, పలకరింపులు కూడా లేకుండా చెప్పేసింది.

"పోటు వేళ తప్పు రాశానమ్మా. నిన్న ఎఫీని సముద్రంలోకి నడిపించాను. ఇద్దరం పోయేవాళ్ళమే. నువ్వు అన్నది నిజమే."

ఐల్సా మొహం పాలిపోయింది. ఎఫీ వైపు తిరిగింది.

"తప్పు ఆమెది కాదు," అంది ఎఫీ. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. "ఆమె సరిగ్గానే రాసింది. గంట కలిపింది నేను. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు చెరిపి రాశాను. నీళ్ళు వస్తున్నాయని కూడా ఆమె చెప్పింది, నేనే వినలేదు."

ఐల్సా దగ్గరికొచ్చి ఎఫీ భుజం మీద చెయ్యేసింది. "నువ్వు చాలా మంచిదానివి ఆంటీ."

"మంచీ లేదు మన్నూ లేదు! నేను చెరిపానంటున్నాను."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?" ఐల్సా గొంతులో కోపం లేదు, అనుమానం కూడా లేదు. పెద్దవాళ్ళు అబద్ధమాడితే పట్టించుకోకూడదన్న మర్యాద ఉంది. "ఇద్దరూ పోయేవాళ్ళంటున్నారు. రాత్రంతా తనే చేశాననుకుంటుంటే నువ్వు ఊరుకున్నావా? నువ్వు అట్లాంటి మనిషివి కాదు ఆంటీ, నాకు తెలీదా?"

తను అట్లాంటి మనిషేనని ఎట్లా రుజువు చెయ్యాలో ఎఫీకి తెలియలేదు.

"రోనా, నువ్వైనా నమ్మవే. రెండని రాశావు. పొద్దున నువ్వే అన్నావు, రెండింటికి వెనక్కి అని."

రోనా ఎఫీ మొహంలోకి చూసింది, గట్టు మీద నిలబడి నీళ్ళను చూసినట్టు.

"నిజమేనా? లేక నా కారు పోకూడదని ఇట్లా అంటున్నావా?"

"నిజం. ఆర్చీ మీద ఒట్టు."

"నాకు తేడా తెలియడం లేదే," అంది రోనా మెల్లగా. "నిన్నట్నుంచీ గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. మొదట రెండే గుర్తుంది. నువ్వు చూపించాక మూడు. రాత్రి పడుకున్నాక, ఫిన్లే వంటింట్లో నిలబడి మూడు రాస్తున్నట్టు నా చెయ్యి నాకే కనపడింది. పెన్సిలు కూడా కనపడింది. ఇప్పుడు రెండు రాసింది గుర్తు రమ్మంటే రావడం లేదు." ఆమె కోటు జేబులో చెయ్యి పెట్టింది. "నువ్వు చెప్తోంది నిజమే అనుకో. జరగనిది జరిగినట్టు కనపడుతోంటే, నేను రోడ్డు మీద ఏం చూస్తున్నానో ఎవరికి తెలుసు?"

తాళాలు తీసి ఐల్సా చేతిలో పెట్టింది. ఐల్సా ఏడుస్తూ తీసుకుంది.

రోనా కారు చుట్టూ తిరిగి వెళ్ళి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. ఆ వైపు బెల్టు ఎటు నుంచి లాగాలో తెలియక కాసేపు తడుముకుంది. ఎఫీ వెనక సీట్లో కూర్చుని, ముందుకి వంగి బెల్టు అందించింది.

"థాంక్సే," అంది రోనా.

ఐల్సా కారు స్టార్ట్ చేసింది.